ఖంగుమనని బండ

బాపూ, వందనాలు. నేను క్షేమం.

నిన్న తుడిచిన నా గది కిటికీ గట్టు మీద ఈ ఉదయం మళ్ళీ సన్నటి రాతిపొడి పడి ఉంది. స్కూలు వాళ్ళు టీచర్ క్వార్టర్ ఇచ్చేదాకా ఈ లోయలో విమలా దీదీ కుటుంబం నడిపే లాడ్జిలోనే ఉన్నాను. మొన్న మధ్యాహ్నం పెద్ద చప్పుడైంది. మన ఊరి ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ లాంటిదే అనుకుని, అలవాటుగా టీ గ్లాసు గట్టిగా పట్టుకుని చదువుకుంటూ కూర్చున్నాను. దీదీ వచ్చి చెయ్యి పట్టి లాగింది. "చెవుడా నీకు? కొండ విరిగింది!" అని తిట్టింది. రోడ్డు పోయింది, ఫోన్లు లేవు. ఈ కార్డును పోస్ట్‌మన్ నడిచి తీసుకెళ్తాడు.

బొగ్గుబాయిలో రూఫ్ గట్టిగ ఉందో లేదో ఎట్ల చూస్తావని చిన్నప్పుడు అడిగితే, "కట్టెతోని కొట్టి ఇను బిడ్డా. ఖంగుమంటె ఫికర్ లేదు. డొల్లగ పల్కితె ఆడ నిలవడొద్దు" అన్నావు. లాడ్జి వెనక బండను కొట్టి చూశాను. డొల్లగా పలికింది. దీదీకి చెబితే, "మా తాతల నాటి బండ అది, మీ బొగ్గు గని కాదు" అని నవ్వింది. కొండరాయికీ ఆ లెక్క పనిచేస్తుందా బాపూ? జవాబు రావడానికి వారం పడుతుందని తెలిసీ అడుగుతున్నాను.

అమ్మ షుగర్ గోలీలు మానలేదు కదా? నా పుస్తకాలు ఎండలో పెట్టమని తమ్ముడు డానీకి చెప్పు. ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన చేయించు. ఎందుకో అమ్మకు చెప్పకు. ప్రభువు మీకు తోడుండాలి.

రెజీనా

ఆ బండ కింద ఉన్నది నా గదే. నడవలేని ముసలామె, దీదీ అత్తగారు కూడా అందులోనే ఉంటారు.