నీళ్లు కదలని ఆదివారం

తాడేపల్లిగూడెం,
10 జూలై 2007

ప్రియమైన పెర్సిస్‌కు,

నీ అక్క ముద్దులతో రాసేది. ఉత్తరం చూడగానే మళ్లీ ఏం తెచ్చిపెట్టిందీ అని నొసలు చిట్లించకు. ఈసారి మంచి కబురే. నేను రాస్తున్న ప్రోగ్రాం పూర్తయింది. ఎగువన పడ్డ వానను బట్టి మీ లంక దగ్గర కొల్లేరు ఏ రోజు ఎంత పెరుగుతుందో ముందే చెబుతుంది.

ఆఫీసులో బిల్లింగ్ ప్రోగ్రాములు రాసుకునేదానికి ఈ పిచ్చేమిటని మీ బావ నవ్వుతున్నారు. నవ్వనీ. దీనికి పైసా ఖర్చు కాలేదు. ఉపగ్రహాలు కొలిచిన వాన లెక్కలు నెట్‌లో ఎవరికైనా ఉచితం. నేల ఎత్తుపల్లాల లెక్కలూ ఉచితమే. ఇక నీటిమట్టం అంటావా, అది మన ఇంటి సరుకే! మీ ఆయన నెహెమ్యా గారు గేజీ స్తంభం చూసి పంపే అంకెలను ఆ స్వచ్ఛంద సంస్థ వాళ్లు మూడేళ్లుగా నెట్‌లో అందరికీ కనబడేలా పెడుతున్నారు కదా. మా మరిదిగారి అంకెలు పట్టుకునే నా ప్రోగ్రాం నడక నేర్చుకుంది.

కోడ్‌లో తప్పులు పట్టే ప్రోగ్రాం కూడా ఒకటి ఉచితంగా దొరికింది. మా అత్తగారు వంటింట్లోకి వచ్చినట్టే అనుకో. ఇది ఇక్కడెందుకు పెట్టావు, అది వాడకుండా ఎందుకు పారేశావు అని ప్రతి వరసకీ సణుగుతుంది. మొదటిరోజు అది చూపించిన తప్పులకు ఏడుపొచ్చింది. ఇవాళ ఒక్కటీ లేదు. తెరంతా పచ్చగా ఉంటే చూస్తూ కూర్చుండిపోయాను.

పోయినేడు వరదకు మీరంతా గుడి కప్పు మీద ఉన్నప్పుడు ఇక్కడ నేనెలా చచ్చి బతికానో నాకే తెలుసు. ఈసారి మీ అత్తగారు పాపమ్మ గారు తుంటి విరిగి మంచం మీద ఉన్నారు. ఆవిడ ఏ కప్పూ ఎక్కలేరు. అందుకే వారం వారం లెక్క కాగితం మీద తీసి, చేపల మేత లారీ నడిపే సత్యవేదంతో పంపుతాను. గుడి తలుపుకు అంటించమని మరిదిగారికి చెప్పు. నీళ్లు గట్టు దాటే రోజు దగ్గరపడితే మాత్రం వెనకాముందూ చూడకుండా కైకలూరు వెళ్లిపోండి.

బంగారు తల్లికి నా ముద్దులు.

నీ అక్క,
హెప్సిబా


లంక నుంచి,
19 సెప్టెంబరు 2007, బుధవారం

ప్రియమైన అక్కకు,

నీ కాగితం మాట ఇప్పుడిక్కడ సంఘపెద్ద గారి మాట కంటే ఎక్కువ చెల్లుతోంది. చదువు రానివాళ్లు కూడా గుడి తలుపు దగ్గర నిలబడి చదివించుకుంటున్నారు.

నీళ్ల రంగు మారిందక్కా. తమ్మిలేరు నుంచి ఎర్రనీళ్లు దిగుతున్నాయి. మా పెరటి మెట్టు నిన్ననే మునిగింది. ఈ వారం నీ లెక్క ప్రకారం శనివారం దాకా పెరుగుతాయి, ఆదివారం కదలవు, సోమవారం సాయంత్రానికి గట్టు దాటుతాయి. సంఘపెద్ద దేవదానం గారు పెద్ద ఇంజను పడవను సోమవారం పొద్దుటికి మాట్లాడారు. ఆదివారం ఆరాధన చేసుకుని, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాకే కదులుదామని అందరూ ఒప్పుకున్నారు.

ఒక తమాషా చెప్పనా? నీ కాగితాల్లో ఏ ఆదివారమూ నీళ్లు పెరగవట. దేవదానం గారు అది కనిపెట్టి, "చూశారా అండీ, కొల్లేరు కూడా విశ్రాంతి దినం పాటిస్తోంది" అని ప్రసంగంలోనే చెప్పేశారు. మీ మరిది ఆ పూట నేల మీద నడవలేదనుకో. ఆయన సంగతి తెలుసుగా, ఆదివారం కలం కూడా ముట్టరు. గేజీ వైపు తలైనా తిప్పరు.

నాకు మాత్రం గుండె దడగానే ఉంది. అత్తయ్యను మంచంతో సహా ఎత్తాలంటే నలుగురు మగాళ్లు కావాలి. పిల్లకు కొత్తగా నడక వచ్చింది, నీళ్ల చప్పుడు వింటే చాలు అటే పోతోంది. ఏదో నీ కాగితం ఉంది కదా అని ధైర్యం తెచ్చుకుంటున్నాను. సోమవారం కైకలూరు చేరగానే కబురు చేస్తాను.

నీ చెల్లెలు,
పెర్సిస్


ఏలూరు బస్టాండు,
22 సెప్టెంబరు, శనివారం

ప్రియమైన నా చెల్లికి,

సోమవారం దాకా ఆగొద్దు. ఇది చదివిన వెంటనే బయలుదేరండి.

నీ ఉత్తరం నిన్న అందింది. కొల్లేరు విశ్రాంతి దినం పాటిస్తోందన్న చోట నవ్వాను. నవ్వుతుండగానే తట్టింది. నీళ్లకు ఆదివారం ఏమిటే? ఆఫీసుకు పరుగెత్తి మూడేళ్ల అంకెలూ తీసి చూశాను. ప్రతి ఆదివారం గడిలోనూ శనివారం అంకే ఉంది. సోమవారం వచ్చేసరికి రెండు రోజుల పెరుగుదలా ఒక్కసారే కనబడుతోంది. మరిదిగారు ఆదివారం గేజీ చూడటం లేదు. గడి ఖాళీగా ఉండకూడదని సోమవారం కూర్చుని శనివారం అంకే వేస్తున్నారు. నా ప్రోగ్రాం అదే నిజమనుకుంది.

ఆ తప్పులు పట్టేది నా కోడ్‌నే చూసింది, అంకెల జోలికి పోలేదు. నేనూ పోలేదు. పచ్చరంగు చూసి పొంగిపోయాను.

ఆదివారాలు తీసేసి మళ్లీ నడిపాను. రేపు మధ్యాహ్నానికే నీళ్లు గట్టు దాటుతాయి. పొద్దుటి నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను, మీ వైపు ఒక్క ఫోనూ పలకడం లేదు. నేనే వద్దామని ఇక్కడిదాకా వచ్చాను. కైకలూరు రోడ్డు మీద నీళ్లని బస్సులు ఆపేశారు. సత్యవేదం ఈ ఉత్తరంతో లారీలో వెళ్లి చూస్తానంటున్నాడు. నేనూ ఎక్కుతానంటే, "మీకేమైనా అయితే ఎవరికి చెప్పుకోనమ్మా" అని ఎక్కించుకోలేదు.

మరిదిగారికి కోపం వస్తే రానీ. నన్ను తిట్టమను, ఇంటికి రావద్దనమను. పిల్లనూ అత్తగారినీ తీసుకుని ముందు కదలండి తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటాను.

హెప్సిబా


కైకలూరు,
26 సెప్టెంబరు, బుధవారం

ప్రియమైన అక్కకు,

బతికే ఉన్నామని నిన్న ఫోన్‌లో చెప్పాను కదా. మిగతాది పదిమంది మధ్య నిలబడి చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను.

సత్యవేదం లారీ సగం దారిలోనే ఆగిపోయింది. అక్కడి నుంచి నీ ఉత్తరం పడవ నడిపే క్రీస్తుదాసు చేతికి వచ్చి, నాకు చేరేసరికి ఆదివారం గుడి గంట కొట్టేశారు. మా ఆయన అప్పటికే గుడికి వెళ్లిపోయారు, బల్ల సిద్ధం చేసేది ఆయనే. పిల్లను చీరతో అత్తయ్య మంచానికి కట్టేసి గేజీ దగ్గరికి పరుగెత్తాను. గట్టుకూ నీటికీ మధ్య జానెడు కూడా లేదు. ఒకచోట గట్టు చెమర్చి మట్టి జారుతోంది.

తడిసిన చీరతోనే గుడిలోకి వెళ్లాను. రొట్టె విరుస్తున్నారు. "నీళ్లొచ్చేశాయండీ, పడవలు విప్పండి" అని అరిచాను. దేవదానం గారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "కాగితంలో రేపు అని కదమ్మా ఉంది. బల్ల దగ్గర ఏమిటీ గోల? ఆదివారం పూట గేజీ చూడమని నిన్నెవరు పంపారు?" అన్నారు.

నీ ఉత్తరం చూపించబోయాను. చూపిస్తే ఆ మూడేళ్ల ఆదివారాల సంగతి ఊరందరి ముందూ చదవాలి. మా ఆయన అక్కడే ద్రాక్షరసం గిన్నె పట్టుకుని నిలబడి నన్నే చూస్తున్నారు. ఉత్తరం మళ్లీ కొంగులో దాచుకున్నాను. ఒక్కరు కూడా లేవలేదక్కా. మంచానికి కట్టేసిన పిల్ల కళ్లలో మెదిలి, చచ్చిపోతున్నాననుకున్నాను.

ఆయన గిన్నె బల్ల మీద పెట్టి, "నేనే పంపానండీ" అన్నారు. "పొద్దుట నాకే అనుమానమొచ్చి చూసి రమ్మన్నాను. మా ఆవిడ చెప్పేది నిజమండీ. లేవండి."

గేజీ చూసే మనిషే ఆ మాట అన్నాక ఇంకెవరాగుతారు? మగాళ్లంతా పడవల దగ్గరికి పరుగెత్తారు. అత్తయ్యను మంచంతోనే ఎత్తారు. ఆఖరి పడవ కదులుతుండగా గుడి వెనక గట్టు తెగింది. చేపల చెరువు పోయింది, ఇల్లు పోయింది. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు.

నీ ఉత్తరం పడవలోనే ఆయన చేతిలో పెట్టాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. నిన్న అన్నం వడ్డిస్తూ, "ప్రభువు బల్ల ముందు నిలబడి అబద్ధమాడారేమిటండీ" అన్నాను.

"మూడేళ్లుగా వారం వారం ఆడుతూనే ఉన్నాను కదా. ఆ ఒక్కదానికే అడుగుతావేం?" అన్నారు. అని, కంచం ముందే ఏడ్చారు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదక్కా. నాకూ ఏడుపు ఆగలేదు.

నీళ్లు తీశాక మళ్లీ గేజీ చూస్తారట, ఆదివారం మాత్రం చూడరట. ఎంత చెప్పినా అదే మాట. అయితే ఆ రోజు నేను చూస్తానన్నాను. చివరికి అన్నారు:

"అంకె పక్కన నీ పేరే రాయి. నాది రాయకు."

నీ చెల్లెలు,
పెర్సిస్