టూలెట్ బోర్డు దింపేశాను

నాయనా, ఈసారి నువ్వు ఓడిపోయావు.

షిఫ్టు డ్యూటీలవాళ్లకు ఇల్లిస్తే వేళగాని వేళ గేటు చప్పుడని నువ్వు ఒప్పుకునేవాడివి కాదు. నువ్వు పోయాక మేడమీది గదులన్నీ యరమరస్ కరెంటు ప్లాంటువాళ్లకే ఇచ్చాను.

మన వీధిలో నల్లా తెల్లవారకముందే వచ్చిపోతుంది. మోటరు వేయడానికి ఎవరూ లేవక ట్యాంకు ఎండేది, కిరాయిదార్లు విసిగి ఖాళీ చేసేవాళ్లు. ఇప్పుడు ఒకరు డ్యూటీకి పోతూ మోటరు వేస్తారు, ఇంకొకరు డ్యూటీ దిగివచ్చి ఆపుతారు.

ఇవాళ నీ సంవత్సరీకం. వంటకు నీళ్లు పడుతూ అమ్మ, "ఏందే, గిన్ని నీళ్లు మనింట్ల ఎప్పుడన్న చూసినమా!" అంది.

నీ చేతిరాత ఉన్న టూలెట్ బోర్డు దింపేశాను. పారేయలేదులే, ట్యాంకుకు మూత చేశాను. తెల్లవారుజామున గేటు చప్పుడైతే నేనిప్పుడు నిశ్చింతగా అటు తిరిగి పడుకుంటాను.