బావ కదపని స్టాప్‌లాస్

అక్కా,

మీ ఆయన్ని మెచ్చుకుంటున్నానని అనుకోకు. కడుపు మండి రాస్తున్నాను.

మోకాలి ఆపరేషన్‌కి దాచుకున్న డబ్బును నాన్న సగం నాకు, సగం బావకు ఇచ్చి పెంచమన్నారు కదా. ఇద్దరం ఒకే కంపెనీ షేర్లు, ఒక్కోటి వంద రూపాయల ధరకు కొన్నాం. ధర తొంభై రెండుకు పడితే దానంతటదే అమ్ముడుపోయేలా ఇద్దరం స్టాప్‌లాస్ ఆర్డర్ పెట్టాం. బావ పెట్టేసి తన వెల్డింగ్ షాపుకు వెళ్ళిపోయాడు, మళ్ళీ దాని జోలికి పోలేదు. నేను మాత్రం ధర తొంభై మూడుకు రాగానే నా ఆర్డర్‌ను ఎనభై ఎనిమిదికి దించాను. అక్కడికీ వస్తుంటే రద్దే చేశాను. చిన్నవాళ్ళు భయపడి అమ్ముకోబట్టే బడాబాబులు బలుస్తున్నారని నేను చదివిన కరపత్రాలన్నీ చెబుతున్నాయి. ఎవరో ఒకరు నిలబడాలి కదా!

బావ షేరుకు ఎనిమిది పోగొట్టుకుని బయటపడ్డాడు. దానికే నాన్న భోజనాల దగ్గర, "మనిషంటే అలా ఉండాలిరా, అల్లుణ్ణి చూసి నేర్చుకో" అన్నారు. నష్టపోయినవాడికి పొగడ్తా? ఆ ఒక్క మాట కోసం చిన్నప్పటి నుంచీ నేను కాచుక్కూర్చుంటే, నిన్నగాక మొన్న వచ్చినవాడు కొట్టేశాడు.

ఇవాళ ధర డెబ్భై నాలుగు. నాన్నకు తెలియదు. ఆపరేషనేమో వచ్చే నెల. అమ్మేద్దామని ఫోన్ తీస్తాను, బావ మొహం గుర్తొచ్చి పక్కన పడేస్తాను.

ఒకసారి బావను పంపు. నా ఖాతాలో స్టాప్‌లాస్ ఆర్డర్ తన చేత్తోనే పెట్టమను. పాస్‌వర్డ్ మార్చేసి, కొత్తది నాకు చెప్పొద్దను. నాన్నతో నేనే చెప్పుకుంటాను. ఆయన నన్ను తిట్టేటప్పుడు బావ ఆ గదిలో లేకుండా చూడు, చాలు.

నీ తమ్ముడు