రేవులో ఉన్నాం కదా అని

పోర్ట్ హార్డీ రేవు,
శుక్రవారం, పొద్దు వాలుతోంది. వాన.

అత్తయ్యకు వెర్నా నమస్కరించి రాస్తున్నది. మేమిద్దరం ఇక్కడ క్షేమం. అక్కడ మీరూ, మీ కోళ్లూ, మీ మోకాళ్లూ క్షేమమని తలుస్తాను. "క్షేమం" అన్న మాట రాశాక కలం కాసేపు ఆగిపోయింది. అయినా కొట్టెయ్యలేదు, అలాగే ఉంచాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని విసుక్కోకండి. కుడిచెయ్యి ఖాళీ లేదు, ఎడమచేత్తో రాస్తున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను. లేకపోతే "అడిగింది తప్ప అన్నీ చెబుతుంది ఈ పిల్ల" అంటారు. యాభై దాటి ఎన్నాళ్లయినా మీకు నేను పిల్లనే. మీ పేరు పెట్టిన పడవ కారడం లేదు. కిటికీ మూల మాత్రం చుక్కచుక్కగా పడుతోంది, కింద గిన్నె పెట్టాను. "మా అమ్మ పేరు పెట్టాం కదా, ముంచదు, సాధిస్తుందంతే" అన్నారు మీ అబ్బాయి. ఆవిరిస్నానం సంగతి అడిగారు. ఊళ్లో ఈతకొలను పక్కన ఒకటుంటే వెళ్లి, మొహం చిట్లించుకుని తిరిగొచ్చారు. "అదీ ఒక ఆవిరిస్నానమా? మా అమ్మ వంటిల్లే దానికంటే వేడి" అట. మీరు అల్లిన మేజోళ్లు రోజూ తొడుక్కుంటున్నారు.

ఇక ఆఖరిది. "లైఫ్ జాకెట్ వేసుకుంటున్నాడా? నిజం చెప్పు" అన్నారు. పడవ నడుస్తున్నంతసేపూ వేసుకుంటారు అత్తయ్యా. తాళ్లు కట్టగానే విప్పి కొక్కేనికి తగిలిస్తారు. "రేవులో ఉన్నాం కదా" అంటారు. నేనూ అంతే. ఇక్కడ ఎవరిని చూసినా అంతే.

నా భయమంతా ముందున్న ఆ కేప్ కాషన్ మొన మీదే, అక్కడి అలల మీదే ఉండేది. అది దాటితే చాలు, తర్వాత ఎక్కడికైనా వస్తానని బయల్దేరేటప్పుడే చెప్పాను. గోధుమ చేల మధ్య పుట్టినదాన్ని, ఈత రాదు. మీ వాళ్లందరికీ సముద్రమంటే ఇంటి వాకిలి. నాకు అలా ఎప్పటికీ కాలేదు. అది దాటకముందే, గాలి తగ్గేదాకా ఇక్కడే ఉందామంటే ఎంత సంబరపడ్డానో. వాన పడుతుంటే రేవులో కూర్చుని రొట్టె కాల్చుకోవడం కంటే హాయి ఏముంది అనుకున్నాను.

మొన్న ఒక తమాషా జరిగింది. చుక్కాని దగ్గర తుడుస్తుంటే నా మోచెయ్యి హారన్ మీద పడింది. ఒకసారి కాదు, కంగారులో అయిదుసార్లు నొక్కుకుపోయింది. అయిదు కూతలంటే ప్రమాదమని మీకు నేను చెప్పాలా! రేవంతా పరిగెత్తుకొచ్చింది. పక్క పడవ వెస్లీ అయితే సగం గడ్డం గీసుకుని, సగం నురగతో వచ్చాడు. ఆయన సాల్మన్ చేపల వేటకు వెళ్లే మనిషి, ఈ ఊరివాడే. నా చేతిలో తుడుపుగుడ్డ చూసి నవ్వి, "అక్కా, మళ్లీ మోగిందంటే కాఫీ తయారైందనుకుంటాం, కప్పు తెచ్చుకుంటాం" అన్నాడు. మీ అబ్బాయి సిగ్గుతో నాతో పూటంతా మాట్లాడలేదు. మర్నాడు నేనే వెస్లీకి రొట్టె పట్టుకెళ్లి ఇచ్చాను.

ఇప్పుడు ఇవాళ్టి సంగతి. కూర్చుని చదవండి అత్తయ్యా. ముందే చెబుతున్నాను, మీ అబ్బాయి బతికే ఉన్నారు. నా పక్కనే పడుకుని ఉన్నారు.

పొద్దున పెద్దగాలి వీచి పడవ రేవు చెక్కలకు గుద్దుకుంటోంది. "తాడు బిగించి ఇప్పుడే వస్తా, గుడ్లు మాడ్చకు" అని వెళ్లారు. గుడ్లు అయ్యాయి, చల్లారాయి. రేకు మీద వాన ఎలా కొడుతోందంటే నా గొంతు నాకే వినబడదు. వెస్లీతో కబుర్లలో పడ్డారేమో అనుకుని తిట్టుకుంటూ తలుపు తీశాను. చెక్కల మీద ఆయన టోపీ ఒక్కటే ఉంది.

పడవకీ రేవుకీ మధ్య సందులో ఉన్నారు అత్తయ్యా. నుదురు చిట్లి నెత్తురు కారుతోంది. రేవు అంచున వేసిన దుంగను వేళ్లతో పట్టుకుని ఉన్నారు, ఆ వేళ్లు తెల్లగా అయిపోయాయి. కేక వెయ్యడానికి కూడా ఊపిరి లేదు. నేను రేవు అంచు వెంబడి బోర్లా పడి రెండు మణికట్లూ పట్టుకున్నాను. లాగితే ఒక్క అంగుళం రాలేదు. తడిసిన బట్టల్లో మనిషి అంత బరువుంటాడని నాకేం తెలుసు? గాలి వీచినప్పుడల్లా పడవ మీదకి వస్తోంది. నలిగిపోతారని నేను కాలితో దాన్ని తన్నుతున్నాను. అరిచాను. దేవుణ్ణి పిలిచాను, మిమ్మల్ని పిలిచాను, ఎవరెవరినో పిలిచాను. ఆ వానలో ఒక్క మనిషి తల బయట పెట్టలేదు.

ఎలాగో చుక్కాని గదిలోకి వెళ్లి హారన్ నొక్కాను. అయిదుసార్లు. మళ్లీ అయిదుసార్లు. అప్పుడు గుర్తొచ్చింది, వీళ్లు కాఫీ అనుకుంటారని.

అనుకున్నట్టే వెస్లీ ఖాళీ కప్పు పట్టుకుని వచ్చాడు. తాపీగా, తల మీద సంచి కప్పుకుని, నవ్వుకుంటూ. "ఏంటక్కా, చక్కెర ఉందా, నేను తెచ్చుకోవాలా?" అంటూ వస్తున్నవాడు నా మొహం చూశాడు. ఆ కప్పు ఎక్కడ పడిందో, ఆయన ఎలా వచ్చాడో నాకు తెలియదు. చెక్కల మీద పడుకుని, చొక్కా పట్టి, తాడు వేసి ఇద్దరం కలిసి పైకి లాగాం. "పెద్దాయనా, నిద్రపోకు! నన్ను తిట్టు, ఏదో ఒకటి తిట్టు!" అని అరుస్తూనే ఉన్నాడు వెస్లీ.

ఆస్పత్రికి వెళ్లే దారిలో మీ అబ్బాయి నావైపు చూసి, "నాన్న తాడు కట్టాడా?" అన్నారు. మామయ్య పోయి ఇన్నేళ్లయింది! చలికి మనసు అలా తప్పుతుందని నర్సమ్మ చెప్పింది. వెచ్చబరిచారు, నుదుటికి కుట్లు వేశారు, తల లోపల దెబ్బేమీ లేదన్నారు. "ఇంటికి తీసుకెళ్లండి, పడుకోనివ్వండి. కానీ మధ్యమధ్య లేపి ఏదైనా అడుగుతూ ఉండండి. మాట తేడాగా వస్తే ఆలోచించకండి, వెంటనే ఫోన్ చెయ్యండి" అంది.

ఇంటికి అంటే ఈ పడవకే. అప్పటినుంచీ లేపి ఒకటే అడుగుతున్నాను, పడవ పేరేమిటని. ఆయన కళ్లు తెరిచి నోరు విప్పేలోపు ఉంటుందే, ఆ కాసేపు నేను బతికి ఉండను అత్తయ్యా. మళ్లీ మామయ్యను అడుగుతారేమో, నన్ను ఎవరంటారేమో అని. ఇప్పటిదాకా అన్నిసార్లూ సరిగ్గానే చెప్పారు. ఒకసారి విసుక్కుని, "ఆయిలీ, మా అమ్మ పేరు, ఆవిడకి ఇదంతా రాయకు" అన్నారు. సరేనన్నాను. చూశారుగా, రాస్తున్నాను.

మరొకటి కూడా రాయాలి. పైన "ఎలాగో చుక్కాని గదిలోకి వెళ్లి" అని రాశాను. అక్కడ దాటేశాను. మీ దగ్గర దాటెయ్యలేను.

మణికట్లు పట్టుకుని ఉన్నప్పుడు ఆయన నావైపు చూసి, "వదలకు వెర్నా" అన్నారు. రెండే మాటలు. ఆయన నన్ను ఇన్నేళ్లలో ఏదీ అడిగిన మనిషి కాదు. పట్టుకుని కూర్చుంటే నా కళ్లముందే గడ్డకట్టుకుపోతారు. ఎవరూ రారు. అది నాకు తెలిసింది. "వస్తున్నా, వస్తున్నా" అని నేను వదిలేశాను. నా చేతులతో నేనే అత్తయ్యా. చుక్కాని గదిలోంచి వెనక్కి తిరిగి చూసేసరికి దుంగ మీద వేళ్లు లేవు. హారన్ నొక్కుతున్నంతసేపూ నాకు కనబడింది ఆ ఖాళీ దుంగే. రేవుకు గుద్దుకోకుండా పడవకి వేలాడదీసే రబ్బరు బంతి తాడు ఆయన చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది. దొరక్కపోతే? నీళ్లలోకి పోతూ ఆయన ఆఖరిసారి చూసేది నేను వదిలేసి పరిగెత్తడం. ఆ ఆలోచన పోవడం లేదు. కన్నతల్లి మీరు, మీతో కాక ఎవరితో చెప్పుకోను? తిట్టండి, పరవాలేదు.

ఆయన ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పక్క మీద పడుకోబెట్టినప్పుడు నా కుడిచెయ్యి పట్టుకున్నారు, నేను అలాగే ఉండిపోయాను. అందుకే ఈ ఎడమచేతి రాత.

ఇంతలో ఒక సంగతి, రాయకుండా ఉండలేను. పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి మూత ఎగురుతోంది. నేను లేవలేదు. మళ్లీ లేపి పడవ పేరు అడిగాను. "ఆయిలీ" అన్నారు. తర్వాత కళ్లు మూసుకునే, "వెళ్లు, పొయ్యి ఆర్పు" అన్నారు.

"వద్దులే" అన్నాను.

నా చెయ్యి ఆయనే వదిలారు. "వెళ్లవే," అన్నారు, "పొద్దున కూడా వెళ్లొచ్చావుగా."

నీళ్లన్నీ ఇగిరిపోయినట్టున్నాయి, గిన్నె మాడు వాసన వస్తోంది. వెళ్లి ఆర్పేసి వస్తాను.

ఇట్లు,
మీ కోడలు
వెర్నా