నీ దగ్గు దొంగిలించినందుకు

వదినా, దండం.

నువ్వు పోయి పద్నాలుగు నెలలు దాటింది. అన్న బాగున్నాడు. ఆ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే ఎక్కడున్నా నువ్వు ముందు అడిగేది అదే. నిన్న రెండు పూటలా తిన్నాడు, ఈ పొద్దున సెలవని ఎండ మొహాన పడేదాకా పడుకున్నాడు. పోయిన నెల వరకు ఈ ముక్క రాసే ధైర్యం నాకు లేదు... ఎందుకు లేదో చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

నాకు రాయడం ఎంత వచ్చో నీకు తెలుసు. ఏడో తరగతిలో నేను బడిని వదిలేశానో, బడే నన్ను వదిలేసిందో ఇప్పటికీ తేలలేదు. అక్షరాల తప్పులుంటే సర్దుకో. కానీ ఒక తప్పు సర్దుకునేది కాదు. నలభై ఆరేళ్లు వచ్చి, నెత్తి సగం తెల్లబడ్డాక, నేను నిన్ను దయ్యాన్ని చేశాను.

ఆగు ఆగు... చీపురు వెతుక్కోకు. మొదటినుంచీ చెబుతాను.

శాలిబండలో మన వాకిలి సంగతి నీకు చెప్పాలా? ఐదు కుటుంబాలు, ఒక్క నల్లా. సాయంత్రం నాలుగు గంటలకు వచ్చి ఐదింటికి పోతుంది. దానికి నువ్వే కాపలా. ఎవరి బిందె నిండినా నువ్వు దగ్గేదానివి. రెండు చిన్న దగ్గులు, ఆ తర్వాత గొంతు సవరించుకుంటూ ఒక 'హూఁ'. ఆ 'హూఁ' వినబడేలోపు నల్లా కట్టాలి. కట్టకపోతే నీ నోరు తెరుచుకునేది. "నల్లా ఒక్కో చుక్క కారుతుంటె నా నెత్తి మీద కారినట్టుంటదిరా" అనేదానివి.

ఒక్క నల్లాయేనా? బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. స్నానాల నీళ్లు అరటి పాదుకు. కూరగాయల తొక్కలు చివరి గది గౌస్‌బీ ఖాలా మేకలకు. గిన్నెలకు బూడిద, కొబ్బరి పీచు. నా పెళ్లాం సుశీల ముచ్చటపడి సబ్బు పొడి తెస్తే, "బూడిద ఉండంగ సబ్బెందుకే, గిన్నె ఏమన్న పెండ్లికి పోతదా?" అన్నావు. నేను నయాపూల్ బజారుకు బయలుదేరితే చాలు, సంచి చంకలో కుక్కేదానివి. "ఉత్త చేతులతోని పోయి, కూరగాయలు నెత్తి మీద పెట్టుకొస్తవా?"

నేను నీకు 'మున్సిపాలిటీ' అని పేరు పెట్టాను. వాకిలంతా ఆ పేరే పట్టుకున్నది. బియ్యం నీళ్ల గిన్నెలో కప్పను వేసిన రోజు గుర్తుందా? నువ్వు కరివేపాకు చెట్టు మొదట్లో పోయగానే అది ఎగిరి నీ భుజం మీద కూర్చుంది. నువ్వు అరవను కూడా అరవలేదు. దాన్ని మెల్లగా తీసి చెట్టు కింద వదిలి, "నీలెక్క పనిలేనోన్నే ఇన్నేండ్లు సాకిన, గీ కప్పెంత?" అన్నావు. వదినా, నీతో గెలిచిన రోజు ఒక్కటి కూడా లేదు నాకు.

నీ దినాల భోజనాలకు అన్న మోదుగాకు విస్తర్లు తెప్పించాడు. మర్నాడు ఖాలా మేకలు వాటిని నమిలి పారేశాయి. నీ పద్ధతి చివరిసారి నడిచింది ఆ రోజే.

తర్వాత... ఏం చెప్పను? నల్లా కింద బిందె పెట్టి ముచ్చట్లకు పోవడం మొదలైంది. స్నానాల నీళ్లు పాదుకు పోయే కాలువ మట్టితో పూడితే ఎవరూ తీయలేదు, నీళ్లన్నీ గల్లీలోకే. బజారులో ఇప్పుడు కొత్తగా పల్చటి ప్లాస్టిక్ కవర్లు ఇస్తున్నారు, అందరూ జిల్లి కవర్లంటున్నారు. అవి గాలికి లేచి మన అరటి ఆకులకు జెండాల్లా పట్టుకున్నాయి. ఎండాకాలం వచ్చేసరికి నల్లాలో ధార సన్నబడింది. వరసలో చివరిది ఖాలా కదా, ఆమె వంతు వచ్చేసరికి నల్లా గాలి ఊదేది. ముసలామె ఒక్క బిందెతో రోజు గడుపుకునేది.

అన్న ఏమైనా అంటాడేమో అని చూశాను. అన్న దేనికీ ఏమీ అనడం లేదు. బస్సుల కార్ఖానాలో పొద్దుటి డ్యూటీ చేసి మూడింటికి వచ్చి అరుగు మీద కూర్చుంటే, దీపం పెట్టేదాకా అక్కడే. నువ్వు పోయిన నాడు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. పళ్లెం ముందు పెడితే నాలుగు ముద్దలు. అర్ధరాత్రి లేచి చూస్తే కళ్లు తెరుచుకునే ఉండేవాడని సుశీల చెప్పేది. ఆ ఇంట్లో నీ గురించి మాట్లాడాలంటే భయం... మాట్లాడకపోవాలన్నా భయం.

సరే, నీళ్లు వృథా చేయొద్దని నేనే చెప్పి చూశాను. ముందు గదిలోకి నీ చివరి ఏడాదిలోనే కిరాయికి వచ్చిన విమలమ్మ నడుం మీద చేయి పెట్టుకుని, "ఏంది మల్లేశన్నా, నువ్వు సుత మున్సిపాలిటీల నౌకరి పట్టినవా?" అన్నది. అందరూ పడీ పడీ నవ్వారు. తప్పు వాళ్లది కాదు. పాతికేళ్లుగా నా మాట వింటే నవ్వాలని వాళ్లకు నేర్పింది నేనే కదా. హాస్యగాడు నిజం చెబితే ఎవడు వింటాడు?

నిజం పనికి రాదని తేలాక, నాకు వచ్చిన విద్యే వాడాను.

ఒకరోజు నాలుగింటికి విమలమ్మ బకెట్ పెట్టి లోపలికి పోయింది. బకెట్ నిండి పొర్లుతోంది. నేను స్నానాల తడక వెనక నిలబడి, నీలాగా దగ్గాను. రెండు దగ్గులు, ఒక 'హూఁ'. వదినా, విమలమ్మ పరుగెత్తుకొచ్చిన తీరు నువ్వు చూడాల్సింది! నల్లా కట్టిన చేతితోనే తాళిబొట్టు కళ్లకద్దుకుంది. గంటలో వాకిలంతా తెలిసింది. ఖాలా తన చెవులు రెండూ పట్టుకుని, "అరే మల్లేశ్, తేరీ భాభీ గయీచ్ నై రే!" అన్నది. మీ వదిన పోనే పోలేదురా అని. నేను మొహం వీలైనంత అమాయకంగా పెట్టాను.

ఆ తర్వాత నాకు ఊపొచ్చింది. తొక్కలు వాకిట్లో పడితే దగ్గు. కవరు ఎగిరితే దగ్గు. ఎవరో ఆకులు పోగేసి అగ్గిపుల్ల గీస్తుంటే ఎంత దగ్గానంటే, మర్నాడు నాకు నిజంగానే గొంతు పట్టేసింది. మూడు వారాల్లో కాలువ బాగైంది, అరటికి నీళ్లు అందాయి. ఖాలాకు రోజూ నాలుగు బిందెలు!

ఇందులో నాకు జరిగిన శాస్తి కూడా విను. దగ్గేవాడు పట్టుబడకూడదంటే అందరికంటే ఎక్కువ భయపడుతున్నట్టు కనబడాలి కదా. అందుకని సంచి లేకుండా గడప దాటడం మానేశాను. స్టవ్వులు బాగుచేసి నూనె చేతులతో వచ్చినా, చెంబెడు నీళ్లతోనే కడుక్కునేవాణ్ణి. బియ్యం నీళ్లు నేనే చెట్టుకు పోశాను, కప్ప లేకుండా. సుశీల నోరు తెరుచుకుని చూసేది. నాటకం ఆడీ ఆడీ ఎప్పుడు అలవాటైందో నాకే తెలియలేదు... అట్లా కూడా అవుతుందా?

ఇంతవరకు చదివి నువ్వు నవ్వి ఉంటావు. ఇక్కణ్ణుంచి నవ్వకు.

ఒకరోజు నాలుగింటికి తడక వెనక నిలబడ్డాను. నల్లా దగ్గర అన్న ఉన్నాడు. చేతిలో బిందె లేదు, బకెట్ లేదు. నల్లా పూర్తిగా తిప్పి వదిలేశాడు. వదిలేసి, పక్కన నిలబడి తడక వైపు చూస్తున్నాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ముప్పై ఏళ్లు నీతో కాపురం చేసినవాడు, మొహం కడుక్కునేటప్పుడు కూడా నల్లా కట్టి సబ్బు రుద్దుకునేవాడు... నువ్వు దగ్గుతావని నీళ్లు వదిలి నిలబడ్డాడు. నీళ్లు వాకిలి దాటి గల్లీలోకి పోతున్నాయి. "గింత వట్టిగ పోతున్నా నోరు మెదుపవేందే?" అన్నాడు. మెల్లగా, పక్కనున్న మనిషితో అన్నట్టు. "ఇంకెంత కారాలె?"

దగ్గితే పాపం, దగ్గకపోతే పాపం. ఏం చేసేవాణ్ణి చెప్పు? నల్లా దానంతట అదే ఆగిపోయేదాకా అట్లాగే నిలబడ్డాను. అన్న కూడా నిలబడ్డాడు. ఆ రోజు ఖాలాకు చుక్క నీళ్లు లేవు. ఆయన మొహం చూసి అందరూ ఖాళీ బిందెలతోనే లోపలికి పోయారు.

రెండో రోజూ అదే. రాత్రి అన్నం ముట్టలేదు. నాకు పట్టుకున్న ఫికరు అంతా ఇంతా కాదు. సుశీలకు చెప్పేశాను. తిట్టలేదు. పొయ్యి మీది గిన్నె దించి, "దగ్గితివంటే నువ్వు బతికినన్నాళ్లు దగ్గుకుంట కూసోవాలె. బావ అన్నం మాని గోడకే చెవి పెట్టుకుంటడు. చెప్పితివంటే ఒక్కపారి సచ్చినట్టు సిగ్గుపడతవు. ఏది కావాలె?" అన్నది. సుశీల ఇంత తెలివైందని నువ్వు చెబుతూనే ఉండేదానివి. నేనే నమ్మలేదు.

మూడో రోజు అన్న నల్లా తిప్పగానే నేను తడక పక్కకు తోసి బయటికి వచ్చాను. నల్లా కట్టేశాను. కట్టి, అన్న మొహంలోకి చూస్తూ దగ్గాను. రెండు దగ్గులు, ఒక 'హూఁ'.

కొడతాడనుకున్నాను. చిన్నప్పుడు పతంగి మాంజా కోసం కొట్టాడే, అట్లా. కొట్టలేదు. నల్లా మీది నా చేయి చూశాడు. తర్వాత, "ఇంకోపారి దగ్గు" అన్నాడు.

దగ్గాను.

"గట్ల గాదురా. ఆమె రెండో దగ్గుకు ముందుగాల జర ఆగుతుండె."

ఆగి దగ్గాను. ఆ ఆగిన చోట అన్న ఏడ్చాడు. గోడకు ఆనుకుని, కింద తడిలోనే కూర్చుని, పద్నాలుగు నెలల ఏడుపు ఏడ్చాడు వదినా. నేను పక్కన కూర్చున్నాను. భుజం మీద చేయి వేయాలని ఉంది, వేయడానికి మొహం లేదు. వేస్తే ఏమనేవాడో... ఇప్పటికీ తెలియదు.

తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. కానీ అన్నం తిన్నాడు. రాత్రి గురక వినబడిందని సుశీల పొద్దున్నే చెవిలో చెబితే, ఆ గురకకు దండం పెట్టాలనిపించింది నాకు. అయిదో రోజు నన్ను పిలిచి, "పోయి అందరికి చెప్పు. నా పెండ్లాం దయ్యం గాదు" అన్నాడు. అంతే.

చెప్పాను. మిగతా నాలుగిళ్లకూ పోయి చెప్పాను. ఖాలా చెప్పు తీసుకుని నా వీపు మీద రెండు వేసింది. వేసి, ఆమే ఛాయ్ ఇచ్చింది. విమలమ్మ ఉడుక్కుని రెండు రోజులు నల్లా కావాలని వదిలేసింది. అయిపోయింది, అంతా మళ్లీ మొదటికే వచ్చిందనుకున్నాను. మూడో రోజు చూస్తే, ముచ్చట మధ్యలోంచి లేచి వచ్చి కట్టింది. నేను చూస్తున్నానని చూసి, "నీ దగ్గుకు భయపడి కట్టలేదన్నా, ఖాలాకు నీళ్లు రాకుంటె మంచిగుండదని కట్టిన" అన్నది. నేను నోరు మూసుకున్నాను. వదినా, నేను నోరు మూసుకున్నాను! నమ్ముతావా?

అంతా బాగైందని అబద్ధం చెప్పను. కవర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆకులు ఒకరిద్దరు కాలుస్తూనే ఉన్నారు. కానీ ఇప్పుడు అన్న మాట్లాడుతున్నాడు. నాలుగింటికి అరుగు దిగి వచ్చి, "విమలమ్మా, బిందె నిండింది చూడు తల్లీ" అంటాడు. నీ అంత గట్టిగా కాదు. అయినా వింటున్నారు.

మొన్న మరో సంగతి జరిగింది. అన్న గూట్లోంచి పెట్టె కిందికి దించాడు. నీ చీరలు మడత విప్పకుండా అందులోనే ఉన్నాయి, ఇన్నాళ్లు ఎవరినీ ముట్టనివ్వలేదు. నీలం అంచుది, నువ్వు వంటకు కట్టుకునే పాత గళ్లది, ఇంకొకటి రంగు పోయింది. మూడూ తీసి సుశీల ఒళ్లో పెట్టి, "వానలు పడేలోపు బొంత కుట్టు" అన్నాడు. సుశీల నా వైపు చూసింది. నేను ఇంటి కప్పు వైపు చూశాను... ఇంకెక్కడ చూడను?

నిన్నటినుంచి కుడుతోంది. అన్న పక్కనే కూర్చుని, ఏ చీర ఎప్పుడు కొన్నాడో చెబుతున్నాడు. నీలం అంచుది బోనాలకు తెచ్చాడట కదా? నువ్వు ఆ రంగు వద్దని పోట్లాడావట? చెబుతూ నవ్వాడు. నవ్వాడు వదినా, నేను విన్నాను.

నువ్విక ఇటు రావద్దు. పిలవము. ఇక్కడి పని మేము చూసుకుంటాము, సగం చేసినా చేస్తాము.

సుశీలకు దగ్గరి చూపు ఆనడం లేదు, సూదిలో దారం ఎక్కించడం నా పని. పిలుస్తోంది. ఉంటాను.

నీ మరిది,
మల్లేశం