మౌనవేళలో రేడియో

డిసెంబరు 9, సోమవారం

కాలేజీ పిల్లలు వచ్చారు. సేవ చేయడానికి పదిరోజులు ఉంటారట. వెంట వాళ్ల సర్. బస్సు దిగుతూనే ఒక పిల్ల, బాత్రూములెక్కడ, వైఫై ఉందా, ఇక్కడి కుక్కలు కరుస్తాయా పెద్దమ్మా అని ఊపిరి తీసుకోకుండా అడిగింది. మిగతావాళ్లు దాన్ని రేడియో అంటున్నారు. ఆశ్రమంలో అందరికీ నేను అమ్మను. ఇది మాత్రం చూడగానే పెద్దమ్మను చేసేసింది.

నియమాలు చెప్పాను. ఉదయం పూజ అయినప్పటి నుంచి మధ్యాహ్నం గంట కొట్టే వరకు మౌనవేళ. గురువుగారి దగ్గర నుంచి వంటవాళ్ల దాకా ఎవరూ పెదవి విప్పకూడదు. పనులన్నీ సైగలతోనే. తుమ్మొస్తే ఎలా అంది రేడియో. తుమ్మవచ్చన్నాను. తుమ్మాక సారీ చెప్పాలి కదా అంది. అందరూ నవ్వారు. మేనేజరుగారు నవ్వలేదు. పిల్లల చేత మౌనం పాటింపజేసే పూచీ మీదేనమ్మా అన్నారు.

డిసెంబరు 10

రేడియో మౌనవేళలో మాట్లాడింది. మనుషులు పలకకపోతే ఉడతతో.

డిసెంబరు 11, సాయంత్రం

వంటగదిలో దాని గొంతు ధ్యానమందిరం దాకా వినిపిస్తోందట. ఒక్క పిల్ల నోరు మూయించలేకపోతే ఇన్నేళ్ల సాధన ఎందుకమ్మా అన్నారు మేనేజరుగారు. మెత్తగానే అన్నారు. ఆయన మెత్తగా మాట్లాడితేనే నాకు భయం. మా ఆయన పోయాక ఈ గది ఇచ్చింది ఆయనే. నాకు ఇంకో గడప లేదు.

రేపు నీళ్ల సంపు కడిగించాలట. దాన్నే దింపండి, లోపల మాట్లాడటానికి ఎవరూ ఉండరు అన్నారు. మంచి ఉపాయమే అనిపించింది.

డిసెంబరు 12

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పూజ అయ్యాక సంపు మూత తీయించాం. ఎన్నాళ్లుగానో మూసి ఉన్నది. మోటారుతో నీళ్లు తోడించాక అడుగున నల్లటి బురద మిగిలింది. రేడియో నిచ్చెన దిగుతూ నాకు చేయి ఊపింది. అది బకెట్ నింపి తాడు కదిపితే, పైన నేనూ పొడుగమ్మాయీ లాగాలి. పొడుగమ్మాయి దాని స్నేహితురాలు. కొన్ని బకెట్లు వచ్చాయి. తర్వాత తాడు కదల్లేదు.

పొడుగమ్మాయి వంగి పిలవబోయింది. నేను పెదవుల మీద వేలు పెట్టాను. లోపల చప్పుడు లేదు. ఇన్నాళ్లకు పిల్లకు మౌనం అబ్బిందనుకున్నాను. మనసులో దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. పొడుగమ్మాయి నా చేయి తోసేసి అరిచింది. జవాబు లేదు. సర్ పరుగున వచ్చి, నడుముకు తాడు కట్టించుకుని, ఊపిరి బిగబట్టి దిగారు. పైకి తెచ్చేసరికి పిల్ల పెదవులు నీలంగా ఉన్నాయి.

అంబులెన్సు గేటు దాటాక మధ్యాహ్నం గంట కొట్టారు.

డిసెంబరు 13

స్పృహ రాలేదు. మూసి ఉన్న సంపులో గాలి చెడిపోయి ఉంటుందట. ఇంకాస్త ముందు బయటికి తీసి ఉంటే, అని డాక్టరు అక్కడితో ఆపేశాడు.

మేనేజరుగారు అందరినీ కూర్చోబెట్టారు. పిల్ల ఎవరికీ చెప్పకుండా తనంతట తానే దిగింది, అమ్మ కూడా చూసింది అన్నారు. సర్ తల వంచుకున్నారు. నేనేమీ అనలేదు. అనకుండా ఉండటం నాకు బాగా అలవాటు.

తర్వాత పొడుగమ్మాయి వంటగదిలోకి వచ్చి ఏడ్చింది. మేం నోరు తెరిస్తే సర్ ఇంటర్నల్ మార్కులు వేయరమ్మా అంది.

డిసెంబరు 14

రేడియో తల్లి వచ్చింది. బట్టలు కుడుతుందట. వేళ్ల చివర సూదిపోట్లు. ఐసీయూ బయట నా చేతులు పట్టుకుని ఆవిడే నన్ను క్షమించమంది. చిన్నప్పటి నుంచీ అంతేనండీ, చెప్పిన మాట వింటే కదా, మీ అందరికీ తలవంపులు తెచ్చింది, ఏమనుకోకండి అంది. కాలేజీవాళ్లు టీసీ ఇచ్చి పంపేస్తామన్నారట. లేస్తే చాలు, చదువు పోతే పోయింది, నా పక్కన మిషన్ మీద కూర్చోబెడతాను అంది.

తిరిగొచ్చి జపానికి కూర్చున్నాను. దేవుడి పేరు నోటికి రాలేదు. ఏమనుకోకండి అన్న మాటే వినిపిస్తోంది. పిల్ల లేవకపోతే దాని గురించి మిగిలేది మా అబద్ధమే.

డిసెంబరు 15, ఆదివారం

ఉదయం పిల్ల కోసం మౌనప్రార్థన పెట్టారు. ధ్యానమందిరం నిండిపోయింది. ముందు వరుసలో తల్లి, సర్, కాలేజీ ప్రిన్సిపాలు.

లేచి నిలబడ్డాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పిల్ల తనంతట తాను దిగలేదన్నాను. మేనేజరుగారు చెప్పారు, నేను దింపాను అన్నాను. స్నేహితురాలు పిలవబోతే నేనే ఆపాను, లోపల అది పడిపోతుంటే పైన నేను మౌనం పాటిస్తున్నాను అన్నాను. మేనేజరుగారు కూర్చోమని సైగ చేశారు. కూర్చోలేదు. ఈసారి తల్లి వైపు తిరిగి అంతా మళ్లీ చెప్పాను.

పొడుగమ్మాయి లేచి, నిజమే అంది. వెనకాల ఇంకెవరో కూడా అన్నారు. ప్రిన్సిపాలు సర్ వైపు చూశాడు. సర్ అవునన్నట్టు తల ఊపారు. తల్లి నా మొహం చూడకుండా బయటికి వెళ్లిపోయింది.

గురువుగారు కళ్లు తెరిచి నన్ను చూశారు. ఏమీ అనలేదు. ఇంకా గంట కొట్టలేదు కదా.

అదే రోజు, సాయంత్రం

నా గది అతిథులకు కావాలట. మేనేజరుగారు కబురు పంపారు.

డిసెంబరు 16

ట్రంకుపెట్టె ఆస్పత్రి బెంచీ కింద పెట్టుకున్నాను. బెంచీకి అటు చివర తల్లి, ఇటు చివర నేను. మధ్యలో ఎవరూ కూర్చోవడం లేదు.

డిసెంబరు 18, ఉదయం

కళ్లు తెరిచింది. తల్లి తలుపు దగ్గరికి వచ్చి, రండి అంది.

పిల్ల నన్ను చూసింది. గొంతు పెగలక పెదవులతోనే అడిగింది, ఇప్పుడు మాట్లాడవచ్చా పెద్దమ్మా అని.