అష్టమి నాటి కొలత

ఉప్పాడ,
జనవరి 7.

ప్రియమైన దుర్గకి,

ఫోనులో ఇంటి మాట ఎత్తితే పోట్లాటే అవుతోంది. అందుకే నువ్వన్నట్టు కాగితం మీద పెడుతున్నాను, నా దస్తూరీ చూసి నవ్వకు. తాత ఇచ్చిన సరుగుడు తోటలో ఇంటికి నాలుగు గుంజలు పాతాను. సముద్రం వైపు గుంజ నుంచి నీళ్లదాకా ఇవాళే కొలిచాను. నూటనలభై అంగలు!

ఆఫీసులో కూర్చుని ఊళ్లోవాళ్ల ఇళ్లకి ప్లాన్లన్నీ గీస్తావు, మనది ఎప్పుడు? పెళ్లయి మూడేళ్లు. నువ్వు విశాఖలో అద్దెగదిలో, నేనిక్కడ పడవ మీద. సొంత ఇల్లుంటే ఆ ఆఫీసు మానేసి ఇక్కడే పని చేసుకుంటానన్నావు. ఆ మాట మీదే ఉన్నావా?

నీ బావ,
వీరబాబు


విశాఖపట్నం,
జనవరి 18.

ప్రియమైన బావా,

నీ ఉత్తరం చదువుతుంటేనే మన ఇల్లు కళ్లముందు కనిపించింది. ఇసుకదిబ్బ ఎక్కడ వంగితే పైకప్పూ అక్కడే వంగుతుంది. రోడ్డు మీంచి చూసేవాళ్లకి చెట్లు తప్ప ఇల్లు కంటికి ఆనదు. ఒక్క చెట్టూ కొట్టం. రెండు సరుగుళ్లు నడిమి గదిలోంచే పైకి పోతాయి. గోడలకి సున్నంలో ఇసుక కలిపిన పూత. తూర్పున గోడే లేదు, అన్నీ మడిచే తలుపులు. తెరిస్తే గాలి, వెలుగు, సముద్రం మంచం దాకా వచ్చేస్తాయి.

నీ వల ఆరేసుకోవడానికి వెడల్పాటి అరుగు. దాని చివర నేను కూర్చుని గీసుకుంటూ ఉంటాను. ఇసుక ఇంట్లోకి వస్తుందని అత్త సణుగుతుంది. రానీ. బొమ్మ దీంతోపాటే పంపుతున్నాను. ఇక ఉద్యోగం మానెయ్యమంటావా?

నీ దుర్గ


ఉప్పాడ,
జనవరి 30.

దుర్గా,

‘ప్రియమైన’ అని రాయడానికి మొహం చెల్లడం లేదు. నిన్న అమావాస్య. పోటుకి అలలు వచ్చి ముందున్న గుంజలు రెండూ పట్టుకుపోయాయి.

వస్తాయని నాకు తెలుసు. ఏడో తారీకు అష్టమి. ఆ రోజు పోటు తక్కువ, సముద్రం మెత్తగా ఉంటుంది. పైగా నీళ్లు బాగా వెనక్కి తీసిన వేళ చూసి కొలిచాను. అమావాస్య పోటుకి కొలిస్తే అంగ వెయ్యడానికి నేలే ఉండదు. అది చెబితే నువ్వు గీయవని, రావని భయపడ్డాను. నా పడవ మీద వేటకొచ్చే బుల్లబ్బాయి మామకి చెప్పుకుంటే, “ఆ పిల్ల ఉద్యోగం వదిలేసుకుని వచ్చేస్తే ఏం చేస్తావురా?” అని తిట్టాడు.

నీ బొమ్మ ఎన్నిసార్లు చూసుకున్నానో. ఉద్యోగం మానెయ్యకు. తప్పు నాది.

వీరబాబు


విశాఖపట్నం,
ఫిబ్రవరి 4.

ప్రియమైన బావా,

నీ మొదటి ఉత్తరం మీద తారీకు చూడగానే అష్టమి అని తెలిసిపోయింది. నేనూ ఉప్పాడ పిల్లనే కదా. అయిదో తరగతిలో ఉండగా మా వంటగది ఒక్క పూటలో సముద్రంలోకి పోవడం చూసినదాన్ని.

తెలిసే గీశాను. నిలవని ఇల్లయినా, కొన్నాళ్లు నీతో అందులో ఉండాలనిపించింది. గీస్తున్నన్నాళ్లూ ఉన్నాను కూడా. నాకు కోపం వచ్చింది నీ అబద్ధానికి కాదు. రమ్మని ఒక్క మాట అంటే చాలని నీకు తెలియనందుకు.

మొన్న ఆదివారం నువ్వు వేటకి వెళ్లినప్పుడు వచ్చాను. రోడ్డవతల మన కొబ్బరితోటలో అత్తా నేనూ గంటసేపు కూర్చున్నాం. అక్కడ సముద్రం కనపడదు, కానీ బాగా వినపడుతుంది. ఇల్లు అక్కడే కడదాం. చెక్క స్తంభాలు, బోల్టులు. సముద్రం అక్కడికీ వస్తే విప్పుకుని ఇంకాస్త వెనక్కి జరుగుదాం.

ఉద్యోగం మానెయ్యకు అన్నావు. నీ మొదటి ఉత్తరం అందిన రోజే రాజీనామా ఇచ్చేశాను. మానెయ్యమంటావా అని అడిగింది నీ నోట రమ్మనిపించుకోవాలనే. నాలుగు వారాల నోటీసు ఈ శుక్రవారంతో అయిపోతుంది. శనివారం పొద్దున రైలుకి వస్తాను. పిఠాపురం స్టేషనుకి ఆటో తీసుకురా, సామాను చాలా ఉంది.

నీ దుర్గ